పచ్చని ప్రతి చెట్టు క్రింద

మా తాత చదివిన తెలుగు బైబిలు ఇప్పుడు హన్మకొండలో నా బల్లమీద ఉంది. అట్ట ఊడిపోయినప్పుడు ఆయన దానికి సంచిగుడ్డ వేసి కుట్టించుకున్నాడు. ఆ కుట్టు ఇంకా చెదరలేదు. హోషేయ గ్రంథం నాలుగో అధ్యాయం పదమూడో వచనంలో "నీడ మంచిదని" అన్న రెండు మాటల కింద ఆయన ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. ఇశ్రాయేలీయులు పర్వత శిఖరాల మీద బలులు అర్పిస్తున్నారనీ, సింధూర వృక్షాల కిందా, చినారు వృక్షాల కిందా, మస్తకి వృక్షాల కిందా ధూపం వేస్తున్నారనీ ప్రవక్త నిందించే చోటు అది. ఎందుకు వేస్తున్నారో కూడా ఆయన అక్కడే చెప్పాడు. నీడ బాగుందని వేస్తున్నారట. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దంలో, తన జనం మీద మండిపడుతున్న మనిషి కూడా ఆ నీడ మంచిదన్న మాటను కాదనలేదు.

తాత ఆ రెండు మాటల కిందే గీత ఎందుకు గీశాడో నాకు తెలిసినట్టే అనిపిస్తుంది. ఆయన పరకాల వైపు మా ఊరి చర్చిలో ఉపదేశిగా ఉండేవాడు. ఆ చర్చి ప్రహరీకి ఆనుకొని పోచమ్మ గద్దె, ఆ గద్దె మీద ఒక పెద్ద వేపచెట్టు ఉండేవి. వేళ్లు పోచమ్మ వైపు, కొమ్మల్లో సగానికి పైగా చర్చి వాకిట్లో. చెట్టు మొదలు దగ్గర పసుపు పూసిన మూడు రాళ్లు, మానుకు మనిషెత్తు దాకా సున్నమూ జాజూ పట్టెలు, పై కొమ్మలకు వెలిసిపోయిన ముడుపు గుడ్డలు. బోనాల నాడు సాక పోసిన తడి సాయంత్రం దాకా ఆరేది కాదు. గోడకు ఇవతల అదే నీడలో చాప పరుచుకొని మేము ఆదివారపు బడి పిల్లలం వచనాలు వల్లించేవాళ్లం. ఉగాది దగ్గర పడిందంటే మా పాటల పుస్తకాల మధ్య వేపపూత రాలి, మళ్లీ వానకాలం దాకా ఆ పుటల్లో చేదు వాసన ఉండేది.

ఒక పొద్దున పండ్లపుల్ల కోసం గోడ ఎక్కి కొమ్మ విరుస్తుంటే, గద్దె ఊడుస్తున్న ముసలమ్మ తల ఎత్తి, "అడిగి ఇరువు బిడ్డా, గది పోచమ్మ చెట్టు" అన్నది. నేను పుల్ల అక్కడే పారేసి ఇంటికి ఉరికి తాతకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెట్టును పుట్టిచ్చింది దేవుడు బిడ్డా, పోచమ్మ గాదు. గని ఆమె ఇరువద్దన్నదాంట్ల మాత్రం తప్పు లేదు" అన్నాడు. హెబ్రీ లేఖనాల్లో, అంటే బైబిలు పాత నిబంధనలో, చెట్ల గురించి ఉన్న వైరమూ ప్రేమా ఆ జవాబులో ఎంత దగ్గరగా ఇమిడి ఉన్నాయో నాకు తెలిసివచ్చింది చాలా కాలానికి, ఉద్యోగ విరమణ తర్వాత, ఆ గ్రంథాలను మూల పదాలతో సహా నెమ్మదిగా చదవడం మొదలుపెట్టిన తర్వాతే.

ఆ గ్రంథాలు చెట్లతోనే మొదలవుతాయని అందరికీ తెలుసు. ఏదెను తోటను, జీవవృక్షాన్ని ఎరగని వారు లేరు కనుక దాన్ని వదిలి ముందుకు పోతాను. నన్ను పట్టి నిలిపింది అబ్రాహాము కథ. కనాను దేశంలో అడుగుపెట్టిన తర్వాత ఆయన మొట్టమొదట ఆగిన చోటు ఒక చెట్టు: షెకెములో మోరే దగ్గరి సింధూర వృక్షం. దేవుడు ఆయనకు ఆ దేశంలో మొదటిసారి కనబడిందీ, ఆయన మొదటి బలిపీఠం కట్టిందీ అక్కడే. మోరే అన్న మాటకు బోధించేవాడు, దారి చూపేవాడు అని అర్థం; ధర్మశాస్త్రానికి యూదుల పేరైన తోరా అన్న మాట కూడా అదే ధాతువు నుంచి వచ్చిందని చెబుతారు. అంటే అబ్రాహాము రాకముందే ఆ చెట్టుకు ఒక పేరుంది, జనం ఏదో తెలుసుకోవడానికి దాని దగ్గరికి వచ్చేవారు అనుకోవడానికి ఆ పేరే ఆధారం. కథ చెప్పినవాడు ఆ పేరును దాచలేదు. "అప్పుడు కనానీయులు ఆ దేశములో నివసించిరి" అని అదే వచనంలో చేర్చాడు.

అక్కడి నుంచి ఆయన దక్షిణానికి పోయి హెబ్రోను దగ్గర మమ్రే సింధూర వనంలో గుడారం వేసుకున్నాడు. ముగ్గురు మనుష్యులు ఎండవేళ వచ్చింది ఆ వనానికే. "ఈ చెట్టు క్రింద అలసట తీర్చుకొనుడి" అని అబ్రాహాము వారిని బతిమాలాడు. రొట్టె, వెన్న, పాలు, దూడమాంసం తెచ్చి వారి ముందు పెట్టి, వారు తింటున్నంతసేపూ ఆ చెట్టు కిందే నిలబడ్డాడు. మన ఎండాకాలపు మధ్యాహ్నాలను ఎరిగిన వారికి ఈ ఘట్టంలో వివరించవలసింది ఏమీ లేదు. వచ్చినవారు ఎవరో తెలియకముందే కాళ్లకు నీళ్లు, కూర్చోవడానికి నీడ.

షెకెము చెట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. యాకోబు తన ఇంటివారి దగ్గరున్న అన్యదేవతలనూ, చెవి పోగులనూ తీసుకొని షెకెము దగ్గరి మస్తకి వృక్షం కింద పాతిపెట్టాడు. యెహోషువ తన చివరి రోజుల్లో జనంతో నిబంధన చేయించి, ఒక పెద్ద రాయి ఎత్తి యెహోవా పరిశుద్ధ స్థలంలో ఉన్న చెట్టు కింద నిలిపి, ఈ రాయి మన మీద సాక్షి అన్నాడు. గిద్యోను కొడుకు అబీమెలెకును షెకెమువారు రాజుగా చేసుకొన్నది కూడా అక్కడి ఒక చెట్టు దగ్గరే. అదే అధ్యాయంలో "శకునగాండ్ర చెట్టు" అని అర్థం వచ్చే ఇంకో పేరు వినబడుతుంది. ఇవన్నీ ఒకే చెట్టుకు వేర్వేరు కాలాల జ్ఞాపకాలు కావచ్చునని కొందరు పండితులు భావిస్తారు. నిరూపించలేని విషయమే అయినా నాకు అది సరిగ్గానే తోస్తుంది. ఎందుకంటే ఊరి రచ్చకట్ట మీది రావిచెట్టు కిందే పంచాయితీ జరుగుతుంది, ప్రమాణాలు జరుగుతాయి, పెళ్లి మాటలు కుదురుతాయి, దొంగ సొత్తు బయటపడుతుంది. ఒక ఊరికి అన్ని పనులకూ ఒకే చెట్టు చాలు.

చావులకు కూడా చెట్లే గుర్తులు. రిబ్కాను పెంచిన దాది దెబోరా చనిపోతే బేతేలు దిగువన ఒక సింధూర వృక్షం కింద పాతిపెట్టి, ఆ చెట్టుకు అల్లోన్ బాకూత్, ఏడ్పు చెట్టు, అని పేరు పెట్టారు. రాజు కాదు, ప్రవక్త కాదు, ఒక దాది. ఆమె పేరు మిగిలింది ఆ చెట్టు వల్లనే. సౌలు రాజు ఎముకలను యాబేషువారు దహనం తర్వాత ఒక ఏషెల్ (పిచుల) చెట్టు కింద పాతిపెట్టారని సమూయేలు గ్రంథం చెబుతుంది. అదే సంగతిని దినవృత్తాంతముల గ్రంథం తిరిగి చెప్పినప్పుడు ఆ చెట్టు ఏలా, అంటే మస్తకి వృక్షం, అయిపోయింది. రెండు చెట్లలో ఏది నిజమన్న వాదం నాకు ముఖ్యం కాదు. రాజు సమాధికి చెట్టు ఉండి తీరాలని ఇద్దరు రచయితలకూ తోచింది.

ఇక్కడ పేర్ల గురించి కొంచెం ఆగాలి. మన పాత అనువాదంలోని సింధూర వృక్షం అంటే ఓక్ చెట్టు. అది మన దక్కను నేలమీద పెరగదు. హిమాలయాలకో ఈశాన్యపు కొండలకో పోతే గాని మన దేశంలో దాన్ని చూడలేము. అందుకే మా ఊరి పిల్లలం సింధూర వృక్షమంటే ఎర్రటి పూల చెట్టేదో అనుకున్నాం. మస్తకి అన్న మాట మాత్రం మన వైపు పూర్తిగా కొత్తది కాదు. యునానీ మందుల దుకాణాల్లో రూమీ మస్తగీ పేరుతో అమ్మే తెల్లటి బంక ఆ జాతి చెట్టుదే, పిస్తా కూడా ఆ కుటుంబపు చెట్టే. హెబ్రీలో వీటికి అల్లోన్, ఏలోన్, ఏలా అన్న పేర్లున్నాయి. దేవుణ్ణి పిలిచే ఏల్ అన్న మాటతో వీటి అక్షరాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చదివేవారికి కనబడక మానదు. బలమైనది అన్న అర్థం నుంచే అవన్నీ వచ్చాయని కొందరంటారు. దావీదు గొల్యాతును ఎదుర్కొన్న ఏలా లోయకు కూడా ఈ చెట్టు పేరే.

అనువాదకులు ఈ చెట్లతో పడిన ఇబ్బంది చూస్తే లేఖనాల్లో వాటి స్థానం ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. అబ్రాహాము వంటి పితరుడు శకునాల చెట్టు కింద దిగడమేమిటన్న సంకోచంతో కావచ్చు, అరామిక్ అనువాదమైన ఒంకెలోసు తర్గూము ఏలోన్ అన్న చోట మైదానం అని రాసింది. లాటిన్ అనువాదం దాన్ని లోయ చేసింది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో కూడా మోరే మైదానం, మమ్రే మైదానాలు అనే ఉంటుంది. అక్కడ చెట్టు మాయమయింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు మరోచోట జరిగింది. అషేరా అన్న మాటను గ్రీకు అనువాదకులు తోపు అన్న అర్థంలో తర్జుమా చేశారు. లాటినూ, ఆ తర్వాత ఇంగ్లీషూ అదే దారిన పోయాయి. అలా నిజంగా చెట్టు ఉన్నచోట మైదానం, నాటిన కొయ్య ఉన్నచోట తోపు వచ్చి కూర్చున్నాయి. మా తాత చేతిలోని తెలుగు అనువాదం ఈ రెండు చోట్లా మూలానికి దగ్గరగా నిలిచింది: సింధూర వృక్షమనీ, దేవతాస్తంభమనీ రాసింది. ఆ అనువాదకుల పట్ల నాకు కృతజ్ఞత ఉంది.

అషేరా ఎవరు, లేదా ఏమిటి? కనానీయుల కథల్లో ఆమె ఏల్ దేవుడి భార్య. సిరియా తీరంలోని ఉగరితు పట్టణపు తవ్వకాల్లో 1929 నుంచి బయటపడిన మట్టిపలకలలో ఆమె పేరు అథిరాతుగా కనబడుతుంది. హెబ్రీ లేఖనాల్లో ఆ మాట కొన్నిచోట్ల దేవత పేరు, ఎక్కువచోట్ల బలిపీఠం పక్కన నిలిపే ఒక కొయ్య పేరు. దాన్ని చేస్తారు, నాటుతారు, నరుకుతారు, కాలుస్తారు అని క్రియలు ఉన్నాయి గనుక అది కొయ్య స్తంభమో, కొమ్మలు కొట్టేసిన మానో, కొన్నిచోట్ల బతికున్న చెట్టో అయి ఉండాలి. 1975, 1976 సంవత్సరాలలో సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ అనే చోట జరిగిన తవ్వకాల్లో క్రీస్తుపూర్వం 800 ప్రాంతపు పెద్ద కాగులు దొరికాయి. వాటిమీద సిరాతో రాసిన దీవెన మాటల్లో "షోమ్రోను యెహోవా, ఆయన అషేరా" అని ఉంది; షోమ్రోను అంటే సమరయ. అదే కాగు మీద ఒక చెట్టు బొమ్మ, దానికి రెండు పక్కలా ఆకులు మేస్తున్న కొండమేకలు, కింద ఒక సింహం. ఇక్కడ అషేరా అంటే దేవతా, కొయ్యా అన్న వాదం పండితుల్లో తెగలేదు. వాదం ఎలా ఉన్నా, యెహోవా పేరు చెప్పుకొని దీవించుకొన్న వాళ్లే అషేరాను కూడా తమదిగా అనుకొన్నారన్నది ఆ కాగు వల్ల స్పష్టమయింది. ప్రవక్తల కోపం పరాయివాళ్ల మీద కాదు, ఇంటివాళ్ల మీద.

చెక్కిన రూపం లేకుండా నిలబెట్టిన కొయ్యలో దైవాన్ని చూడటం ఎలా ఉంటుందని దూరదేశాల చదువరులు ఆశ్చర్యపోవచ్చు గాని, మేడారం పోయినవారికి ఆ ఆశ్చర్యం ఉండదు. రెండేళ్లకొకసారి మాఘ పున్నమికి జరిగే ఆ జాతరలో గద్దెల మీద విగ్రహాలు లేవు. వెదురు కర్రలు ఉంటాయి, చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు దింపుకొని వచ్చే కుంకుమ భరిణె ఉంటుంది. లక్షల మంది నిలువెత్తు బెల్లం మోసుకొచ్చి దాన్నే బంగారమంటూ అర్పిస్తారు. సమ్మక్క, సారలమ్మలు తమ జనం కోసం పోరాడి నేలకొరిగిన వీరవనితలు, అషేరా ఒక కనాను దేవత. పోలిక కొయ్య దగ్గరే ఆగిపోవాలి. కాని ఆ కొయ్య ముందు చేతులు జోడించే మనిషి ముఖం ఎలా ఉంటుందో చూసినవాణ్ణి గనుక, అషేరా దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలు స్త్రీలను తేలికగా తీసిపారేయడం నా వల్ల కాదు.

తీసిపారేసే పని రాజులు చేశారు. హిజ్కియా అషేరాను నరికించాడు. ఆయన కొడుకు మనష్షే మళ్లీ చేయించి యెరూషలేము మందిరంలోనే నిలిపాడు. మనుమడి కొడుకు యోషీయా దాన్ని బయటికి ఈడ్పించి కిద్రోను వాగు దగ్గర కాల్పించి, పొడిచేసి, సామాన్య జనుల సమాధుల మీద చల్లించాడు. ఆ మందిరంలో స్త్రీలు అషేరా కోసం గుడ్డలు నేసేవారని కూడా రాజుల గ్రంథం ఒక ముక్క చెప్పి వదిలేసింది. ద్వితీయోపదేశకాండం ఈ విషయంలో కఠినంగా ఉంది. ఉన్నత పర్వతాల మీదా, మెట్టల మీదా, పచ్చని ప్రతి చెట్టు కిందా ఉన్న పూజాస్థలాలను పాడుచేయాలన్నది. యెహోవా బలిపీఠం దగ్గర ఏ విధమైన చెట్టునూ నాటకూడదన్నది. ఆ "పచ్చని ప్రతి చెట్టు క్రింద" అన్న మాట యిర్మీయాలో, యెహెజ్కేలులో, రాజుల గ్రంథాల్లో పల్లవిలాగా తిరుగుతుంది. చిన్నప్పుడు అది చదివినప్పుడల్లా నేను గోడకు అటువైపు చూసేవాణ్ణి.

అయితే అదే ద్వితీయోపదేశకాండం, యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు పండ్లచెట్లను గొడ్డలితో పాడుచేయవద్దని ఆజ్ఞాపించింది; పొలంలోని చెట్టు నీ ముట్టడికి గురి కావడానికి అది మనిషా అని అడిగింది. రెండు ఆజ్ఞలూ ఒకే పుస్తకంలోవి. చెట్టు మీద పగ ఉన్నవాడు ఈ రెండో మాట అనడు.

గిద్యోను కథలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో నేను చాలా ఆలస్యంగా గమనించాను. మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్న గిద్యోనుకు దేవదూత కనబడింది ఓఫ్రాలో ఒక మస్తకి వృక్షం కింద. ఆ చెట్టు ఆయన తండ్రి యోవాషుది అని గ్రంథం స్పష్టంగా చెబుతుంది. గిద్యోను మేకపిల్ల మాంసమూ రొట్టెలూ తెచ్చి ఆ చెట్టు కిందే ఉంచాడు, అక్కడే బలిపీఠం కట్టాడు. ఆ రాత్రే ఆయనకు ఇంకో ఆజ్ఞ వచ్చింది: నీ తండ్రికి ఉన్న బయలు అనే దేవుడి బలిపీఠాన్ని పడగొట్టు, దాని పక్కనున్న అషేరాను నరుకు, ఆ కట్టెతోనే ఎద్దును దహనబలిగా అర్పించు. పగలు చేయడానికి తండ్రి ఇంటివారికీ ఊరివారికీ భయపడి, పదిమంది పనివాళ్లను వెంటబెట్టుకొని రాత్రిపూట చేశాడు. తెల్లవారి ఊరంతా వచ్చి వాణ్ణి మాకు అప్పగించు, చంపుతాం అంటే, బలిపీఠం ఎవరిదో ఆ యోవాషే కొడుకు పక్కన నిలిచి, బయలు దేవుడే అయితే తన వాదన తానే వాదించుకుంటాడు అన్నాడు. అషేరా యోవాషుదే, మస్తకి వృక్షమూ యోవాషుదే. ఒకటి పొయ్యిలోకి పోయింది, రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ తేడాను యూదుల ధర్మబోధకులు తర్వాతి కాలంలో ఎంత ఓపికగా చర్చించారో మిష్నాలో చూడవచ్చు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన ఆ గ్రంథంలో విగ్రహారాధనకు సంబంధించిన భాగం ఒకటి ఉంది. ఎత్తైన కొండా, మెట్టా, పచ్చని చెట్టూ ఎక్కడ కనబడితే అక్కడ పరదేవత ఉంటుందని తెలుసుకోండి అని రబ్బీ అకీవా అందులో అంటాడు. గలిలయ వాడైన రబ్బీ యోసే మాట కొంచెం మెత్తగా ఉంది: వాళ్ల దేవతలు కొండల మీద ఉన్నారన్నంత మాత్రాన కొండలే వాళ్ల దేవతలు కావు అన్నాడు. మరి అషేరా ఎందుకు నిషిద్ధమని అడిగితే, దానిలో మనిషి చేతి పని ఉంది గనుక అని జవాబు. కొండను ఎవరూ నాటలేదు; చెట్టును నాటారు. అషేరా నీడలో కూర్చోవడం తగునా, అక్కడ కూరగాయలు వేసుకోవచ్చునా అని కూడా వాళ్లు ఆలోచించారు. వానకాలంలో వేసుకోవచ్చు, ఎండాకాలంలో వద్దు అని ఒక అభిప్రాయం, ఎందుకంటే ఎండాకాలంలో ఆ మొక్కలకు ఆ నీడ వల్ల మేలు జరుగుతుంది. హోషేయ అన్న "నీడ మంచిదని" అన్న మాటను ఇంత నిక్కచ్చిగా పట్టుకున్నవారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ చర్చ మధ్యలో సీదోనులో జరిగిన ఒక సంగతి ఉంది. అక్కడ జనం ఒక చెట్టును పూజిస్తున్నారు. చెట్టు కింద ఒక రాళ్లకుప్ప కనబడింది. రబ్బీ షిమోను ఆ కుప్పను వెతికి చూడమన్నాడు. వెతికితే అందులో ఒక ప్రతిమ దొరికింది. అయితే వాళ్లు పూజిస్తున్నది ఈ ప్రతిమను గాని చెట్టును కాదు, కనుక చెట్టును మనం అనుమతిద్దాం అన్నాడు. అంతే కథ. ఆయన చెట్టును కాపాడాలనే ఆ కుప్పను వెతికించాడని నా నమ్మకం. మా ముసలమ్మకూ తాతకూ నడుమ ఆ పొద్దున జరిగిన మాటల మార్పిడిని ఆయన ముందు పెట్టి ఉంటే, తాత జవాబు ఆయనకు తప్పకుండా నచ్చేది.

పచ్చని అన్న ఆ మాటకే మళ్లీ వస్తాను. ప్రవక్తలు నిందించిన పచ్చని చెట్టుకు హెబ్రీలో వాడిన విశేషణం రఅనాన్. ఆకు దట్టంగా, నిగనిగలాడుతూ ఉన్నదని అర్థం. ఇది నిందకు మాత్రమే పెట్టుకున్న మాట అయితే ఇక చెప్పవలసింది లేదు. కాని యాభై రెండో కీర్తనలో భక్తుడు తాను దేవుని మందిరంలో పచ్చని ఒలీవ చెట్టులాగా ఉన్నానంటాడు. అక్కడ ఉన్న మాట రఅనాన్. తొంభై రెండో కీర్తనలో యెహోవా మందిరంలో నాటబడినవారు ముసలితనంలో కూడా చిగురిస్తారన్న చోట మళ్లీ అదే మాట. పచ్చని ప్రతి చెట్టు కిందా వ్యభిచరించావని జనాన్ని తిట్టిన యిర్మీయాయే, యెహోవాను నమ్మినవాడు నీటి ఒడ్డున నాటిన చెట్టువంటివాడు, వాని ఆకు రఅనాన్‌గా ఉంటుంది అంటాడు. బలిపీఠం పక్కన చెట్టు వద్దన్న ధర్మం అమలైన మందిరంలోనే గోడల నిండా ఖర్జూర చెట్లు చెక్కారు, అంతకు ముందరి ప్రత్యక్షపు గుడారంలో దీపస్తంభాన్ని బాదం కొమ్మల మాదిరిగా మొగ్గలతో పూలతో మలిచారు.

ఇక హోషేయ. తాత గీత గీసిన నాలుగో అధ్యాయం నుంచి పది అధ్యాయాలు ముందుకు పోతే ఆ గ్రంథం ముగిసిపోతుంది. ఆ చివరి పుటలో, విగ్రహాలతో ఇక నాకేమి పని అని దేవుడు అడిగిన మరుక్షణమే, నేను పచ్చని సరళ వృక్షంవంటి వాణ్ణి, నీ ఫలం నా వల్లనే కలుగుతుంది అంటాడు. హెబ్రీ లేఖనాలన్నిటిలో దేవుడు తనను తాను చెట్టుతో పోల్చుకొన్నది ఇదొక్కచోటే. అక్కడి విశేషణం రఅనానే. నీడ మంచిదని ఎక్కడెక్కడో కూర్చున్న వాళ్లతో, ఆ నీడ నాది, ఇటు రండి అంటున్నాడు. దానికి ముందు వచనంలోనే "అతని నీడయందు నివసించువారు" అన్న మాట కూడా ఉంది. నాలుగో అధ్యాయంలోని నీడా, పద్నాలుగో అధ్యాయంలోని నీడా హెబ్రీలో ఒకే మాట.

ఈ సంగతి తాతతో చెప్పుకునే వీలు లేకపోయింది. ఆ చెట్టు కూడా ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దాన్ని కొట్టేశారు. ముందు రోజు చర్చివాళ్లూ, పోచమ్మ గద్దె దగ్గరికి వచ్చేవాళ్లూ కలిసే పోయి అడిగారు, చెట్టును వదిలి గోడను జరుపుకోమన్నారు, వినలేదు. యంత్రపు రంపంతో రెండు గంటల పని. మూడు రాళ్లను పక్కకు జరిపి సిమెంటు గద్దె కట్టి పైన రేకులు వేశారు. మే నెలలో ఆ రేకుల కింద పది నిమిషాలు నిలబడటం కష్టం. గోడకు ఇవతల పిల్లల బడిని చర్చి లోపలికి, పంకాల కిందికి మార్చారు.

అబ్రాహాము చెట్ల గురించి రాస్తూ ఒకదాన్ని కావాలనే ఇక్కడికి ఆపి ఉంచాను. బెయేర్షెబాలో ఆయన బావి తవ్వించాడు, ఆ బావి గురించి గెరారు రాజు అబీమెలెకుతో తగవు పడ్డాడు, ఏడు ఆడ గొర్రెపిల్లలను సాక్షిగా ఇచ్చి ప్రమాణం చేసుకొన్నాడు. ఆ తర్వాత ఒక ఏషెల్ చెట్టు నాటి, అక్కడ నిత్యదేవుడైన యెహోవా పేరట ప్రార్థన చేశాడు. మన అనువాదంలో అది పిచుల వృక్షం; ఎడారి అంచున, ఉప్పునేలలో కూడా బతికే చెట్టు, ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది. బలిపీఠం దగ్గర చెట్టు నాటవద్దన్న ఆజ్ఞ పక్కన ఈ వచనం పెట్టి చూస్తే ఇబ్బందే. గ్రీకు అనువాదకులు ఆయన పొలం వేశాడన్నారు, లాటినులో తోపు వేశాడని ఉంది. మిష్నా మీది చర్చలను కూర్చిన తల్మూదులో ఒక బోధకుడు అది పండ్లతోట అన్నాడు, ఇంకొకడు అది సత్రం అన్నాడు. ఏషెల్ అన్న మాటలోని మూడు అక్షరాలూ తినడం, తాగడం, రాత్రికి బస చేయడం అన్న మూడు మాటల మొదటి అక్షరాలని కూడా చమత్కారంగా చెప్పారు. నాకు వీటిలో ఏదీ అవసరం అనిపించదు. గ్రంథం చెట్టు అంటే చెట్టే. అప్పటికి అబ్రాహాము నూరేళ్లు దాటిన మనిషి. ఆ చెట్టు కింద తాను ఎన్నాళ్లు కూర్చుంటానని లెక్క వేసుకొని నాటలేదు.

పోయిన వానకాలంలో మా ఊళ్లో ప్రహరీకీ సిమెంటు గద్దెకూ నడుమ మిగిలిన రెండు గజాల జాగాలో వేపమొక్క పెట్టారు. గుంత తవ్వింది చర్చి యువకులు, మొక్క తెచ్చింది బోనం ఎత్తే ఇంటివాళ్లు. మేకలు మేయకుండా చుట్టూ తుమ్మకంప కట్టారు. మా వదిన ఆదివారం ఆరాధన అయిపోగానే ఒక బిందె, గద్దె ఊడ్చే ఆమె మంగళవారం ఒక బిందె నీళ్లు పోస్తున్నారు. మొన్న పోయి చూస్తే అది నా భుజం దాకా వచ్చింది. లేత ఆకులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, నీడ పడటానికి చాలా ఏళ్లు పడుతుంది.